కేరమ్ బోర్డుకు ఒక దీపం చాలు, పూల్ టేబుల్‌కు ఎందుకు చాలదు?

“దీపం కింద చీకటి” అన్నారు పెద్దలు. నూనె ప్రమిదల కాలంలో అది అక్షరాలా నిజం. ప్రమిద నీడ ప్రమిద కిందే పడేది. ఎలక్ట్రిక్ దీపం వచ్చి తలకిందులుగా వేలాడడం మొదలుపెట్టాక ఆ చీకటి కింద నుంచి లేచిపోయి మూలల్లో చేరింది. భోజనాల బల్ల మీద మూల కాస్త మసకగా ఉన్నా ఎవరికీ పట్టదు. పూల్ ఆటలో మాత్రం అలా కుదరదు. ఆరు పాకెట్లలో నాలుగు మూలల్లోనే ఉన్నాయి. బంతి పోవలసిన చోటే కనపడకపోతే ఇక ఆట ఏముంటుంది?

పూల్, స్నూకర్, బిలియర్డ్సు అనగానే క్లబ్బుల ఆట, డబ్బున్నవాళ్ల ఆట అనే అభిప్రాయం మనలో ఉంది. దానికి కారణం లేకపోలేదు. స్నూకర్ పుట్టిందే 1875లో, జబల్పూరులోని బ్రిటిషు సైనికాధికారుల మెస్సులో. కాని 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్సు ఛాంపియన్ అయినప్పటి నుంచీ ఇది మనవాళ్లు గెలవగల ఆట అని రుజువైంది. ఈనాడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలలో పూల్ పార్లర్లకు వెళ్లే విద్యార్థులు చాలామందే. వాడిన టేబుళ్లు చౌకగా దొరికితే ఇళ్లకు కూడా తెచ్చుకుంటున్నారు. టేబుల్ తెచ్చినవాడు బేరమాడి తెస్తాడు. దీపం దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండే దారులు కనిపిస్తాయి. గదిలో ఉన్న బల్బుతోనే సరిపెట్టుకోవడం ఒకటి, ఇత్తడి గొలుసులూ రంగు గాజు డోములూ ఉన్న ఖరీదైన సెట్టు కొనడం రెండోది. ఈ రెంటికీ మధ్య, వెయ్యి పదిహేను వందల రూపాయల్లో, మంచి దారి ఒకటుందని చెప్పడమే ఈ వ్యాస ఉద్దేశం. దానికి కావలసిందల్లా ఇంటర్మీడియట్‌లో చదువుకున్న భౌతికశాస్త్రమే.

ల్యూమెన్, లక్సు

ముందుగా రెండు కొలతలు తెలియాలి. దీపం మొత్తం మీద ఎంత వెలుగు ఇస్తుందో చెప్పేది ల్యూమెన్. ఒక చదరపు మీటరు చోటు మీద ఎన్ని ల్యూమెన్లు పడుతున్నాయో చెప్పేది లక్సు. మా రైతుల భాషలో చెప్పాలంటే, మోటారు గంటకు ఎంత నీరు పోస్తుందన్నది ల్యూమెన్, మడిలో నీరు ఎంత లోతు నిలిచిందన్నది లక్సు. మోటారు ఎంత పెద్దదైనా నీరు గట్టు తెగి పక్క చేలోకి పోతే మన మడి ఎండుతుంది. దీపం సంగతీ అంతే.

ప్రపంచ పూల్ సంఘం నియమాల ప్రకారం పోటీల్లో వాడే టేబుల్ మీద ప్రతి చోటా కనీసం 520 లక్సులు పడాలి. ఇక్కడ “ప్రతి చోటా” అన్న మాట ముఖ్యం. నడుమ 520 ఉండి మూలలో 100 ఉంటే లెక్కలోకి రాదు. అదే నియమాలు ఎత్తు గురించి కూడా చెబుతాయి. పక్కకు జరపగల దీపమైతే బల్ల ఉపరితలం నుంచి కనీసం 40 అంగుళాల ఎత్తున, అంటే ఒక మీటరు పైన ఉండాలి. జరపడానికి వీలులేనిదైతే 65 అంగుళాలు.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఎనిమిదడుగుల టేబుల్ తీసుకుందాం. ఆడే భాగం పొడవు 88 అంగుళాలు, వెడల్పు 44 అంగుళాలు. వైశాల్యం సుమారు 2.5 చదరపు మీటర్లు. దాన్ని 520తో హెచ్చవేస్తే 1300 ల్యూమెన్లు. “ఇంతేనా! పాతకాలపు 100 వాట్ల బల్బు ఒక్కటి ఆ మాత్రం ఇస్తుంది కదా” అనిపిస్తుంది. ఇక్కడే మనం మోసపోయేది. ఆ 1300 ల్యూమెన్లలో సగం పైకప్పు వైపు పోతుంది, మిగిలిన సగంలో చాలా భాగం గోడలకూ నేలకూ పోతుంది. బల్లకు దక్కేది కొంచెమే. ఆ కొంచెమైనా సమానంగా పడదు.

మూల ఎందుకు మసకబారుతుంది?

కాంతిని కొలిచే శాస్త్రానికి పునాది వేసినవారిలో జర్మన్ శాస్త్రజ్ఞుడు లాంబర్ట్ ముఖ్యుడు. ఆయన గ్రంథం 1760లో వెలువడింది. ఆయన పేరుతో మనం చదువుకున్న కొసైన్ సూత్రం ఇక్కడ పనికివస్తుంది.

మూలకు వెలుగు తగ్గడానికి కారణాలు రెండు. మొదటిది దూరం. దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. రెండోది వాలు. పొద్దుటి ఎండ, మధ్యాహ్నపు ఎండ ఒకే సూర్యుడివే. కాని పొద్దుటి ఎండ ఏటవాలుగా వచ్చి ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది, అందుకే చురుక్కుమనదు. మూలలో పడే దీపకాంతి కూడా అటువంటి పొద్దుటి ఎండే. ఈ రెండూ కలిపి లెక్కవేస్తే, దీపం సరిగ్గా కింద పడే వెలుగును ఆ వాలు కోణపు కొసైన్ ఘనంతో గుణించాలి.

ఇప్పుడు శీర్షికలోని ప్రశ్నకు వద్దాం. కేరమ్ బోర్డు ఆడే భాగం 74 సెంటీమీటర్ల చదరం. నడిబొడ్డు నుంచి మూలకు 52 సెంటీమీటర్లు. బల్బును 75 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీస్తే, నడుమ పడే వెలుగులో 55 శాతం మూలకు అందుతుంది. మన కంటికి ఇది పెద్ద తేడాగా తోచదు. కాబట్టే తరతరాలుగా ఊరూరా కేరమ్ బోర్డు మీద ఒకే బల్బు వేలాడుతున్నా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

పూల్ టేబుల్‌లో నడుమ నుంచి మూలకు 125 సెంటీమీటర్లు. బల్బు ఎత్తు మీటరు. లెక్క వేస్తే మూలకు అందేది నాలుగో వంతు మాత్రమే. 100 వాట్ల పాత బల్బు ఒక్కటి డోము లేకుండా వేలాడదీస్తే నడుమ సుమారు 100 లక్సులు, మూలలో 25 లక్సులు. 520 ఎక్కడ, 25 ఎక్కడ!

అంతకంటే పెద్ద బల్బు వేస్తే? అన్ని చోట్లా పెరుగుతుంది, నిష్పత్తి మాత్రం మారదు. నడుమ కళ్లు చెదురుతాయి, మూల ఇంకా చీకటిగా తోస్తుంది. మన కన్ను నడిమి వెలుగుకు అలవాటుపడి మూలను మరింత నల్లగా చూస్తుంది. వాట్లు పెంచితే సమస్య తీరదన్న సంగతి ఇక్కడ స్పష్టమవుతుంది.

నీడ కూడా ఒక చిక్కే

పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు. మీటరు ఎత్తున ఒకే దీపం ఉండి, దాని కింద నుంచి మీటరు దూరాన బంతి ఉందనుకోండి. వెలుగు 45 డిగ్రీల వాలున వస్తుంది. బంతి బల్లకు ఆనిన చోటు నుంచి నీడ కొన దాదాపు 7 సెంటీమీటర్ల దూరం పోతుంది, అంటే బంతి కంటే పొడుగు. పైగా బంతి ఒక చెంప తెల్లగా, ఒక చెంప నల్లగా ఉంటుంది. నల్లటి చెంప అంచు నీడలో కలిసిపోతుంది. గురి చూసేవాడు బంతి అంచును బట్టే గురి చూస్తాడు గనుక, అంచు తప్పుగా కనిపిస్తే దెబ్బ తప్పుగా పడుతుంది. పాపం, ఆటగాడు తన చేతిని తిట్టుకుంటాడు!

రెండు మూడు దీపాలు వరుసగా ఉంటే ఒకదాని నీడను మరొకటి కడిగేస్తుంది. పొడుగాటి ట్యూబు అయితే నీడ అంచులు మెత్తబడి దాదాపు మాయమవుతాయి.

దీపాలను పంచండి

దీపాలు మూడు తీసుకుని, ఒకటి నడుమ, మిగిలిన రెండూ పొడవు దిశలో చెరో 90 సెంటీమీటర్ల దూరాన వేలాడదీశామనుకుందాం. ఇప్పుడు మూలకు అందేది నడిమి వెలుగులో సగం. నాలుగో వంతు కాస్తా సగమైంది. కిందికి ఎక్కువగా, పక్కలకు తక్కువగా వెలుగు పంపే ఎల్.ఇ.డి. బల్బులకు డోములు పెడితే ఇది కొంచెం తగ్గి 45 శాతం దగ్గర ఉంటుంది. అయినా ఆటకు ఇబ్బంది లేదు.

ఈ లెక్కతో ఇంటికి పనికివచ్చే మూడు ఏర్పాట్లు చెబుతాను. అన్నిటికీ ఎత్తు ఒక మీటరే.

మొదటిది: 15 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు మూడు, తెల్ల రంగు వేసిన డోములతో. ఒక్కొక్కటి 1500 ల్యూమెన్లు ఇస్తుందనుకుని, డోములో కొంత పోయినా, నడుమ సుమారు 650, మూలల్లో 300 లక్సుల దాకా వస్తుంది.

రెండోది: నాలుగడుగుల 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు రెండు, బల్ల పొడవునా ఒకదాని కొసకు ఒకటి చేర్చి. ఒక్కొక్కటి 2000 ల్యూమెన్ల లెక్కన నడుమ 725, మూలల్లో 290. బల్బుల ఏర్పాటుతో దాదాపు సమానం, నీడలు ఇంకా తక్కువ.

మూడోది: అవే ట్యూబులు నాలుగు. రెండేసి చొప్పున రెండు వరుసలు, వరుసల మధ్య 60 సెంటీమీటర్లు. ఇప్పుడు మూలల్లో కూడా 590 దాకా వస్తుంది. దుమ్ముకూ, పాతబడడానికీ పది శాతం తీసివేసినా పోటీల నియమానికి చాలు.

సరదాగా ఆడుకునే ఇంటికి మొదటి రెండింటిలో ఏదైనా సరే. గట్టిగా సాధన చేసేవారికి మూడోది. ట్యూబు ఒక్కొక్కటి రెండు మూడు వందల రూపాయల్లో దొరుకుతోంది గనుక నాలుగు ట్యూబులూ, రేకు పనీ, వైరూ కలిపినా సుమారు పదిహేను వందలు. అలంకారపు సెట్టులో మనం వేలకు వేలు పోసేది ఇత్తడికీ రంగు గాజుకూ గాని వెలుగుకు కాదు. పైగా రంగు గాజు వెలుగును కొంత మింగేస్తుంది కూడా.

ఏ రకం దీపం?

పాత తీగ బల్బు వాటుకు పన్నెండు పద్నాలుగు ల్యూమెన్ల కంటే ఇవ్వదు. మిగిలిన కరెంటంతా వేడిగా పోతుంది. ఎల్.ఇ.డి. వాటుకు సుమారు 100 ఇస్తుంది. ఇది సాధ్యమైంది నీలి కాంతి ఎల్.ఇ.డి. కనిపెట్టడం వల్ల. అందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 2015 జనవరిలో ఉజాలా పథకం ప్రారంభమయింది. ప్రభుత్వ సంస్థ టోకున కొన్న ధర 2014లో బల్బుకు 310 రూపాయలుండగా, 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ప్రయోగశాలలోని విజ్ఞానం పల్లెటూరి వాకిట్లోకి ఇంత త్వరగా రావడం అరుదు.

ఖర్చు చూడండి. రెండు ట్యూబులు 40 వాట్లు. రోజుకు మూడు గంటల చొప్పున నెలకు 3.6 యూనిట్లు. నాలుగు ట్యూబులకు 7.2 యూనిట్లు. రెండు ట్యూబులంత వెలుగు కోసం పాత 100 వాట్ల బల్బులు మూడు వెలిగిస్తే నెలకు 27 యూనిట్లు, దానికి తోడు ఆడేవాళ్ల నెత్తిన వేడి.

పల్లెల్లో మరొక చిక్కుంది, ఓల్టేజి. తీగ బల్బు వెలుగు ఓల్టేజితో పాటు తగ్గదు, దానికంటే ఎన్నో రెట్లు వేగంగా పడిపోతుంది. 230 ఓల్టులు 180కి దిగితే వెలుగు సగాని కంటే తక్కువవుతుంది. మంచి డ్రైవరున్న ఎల్.ఇ.డి. ఆ ఓల్టేజిలో కూడా తొణకదు. కొనేటప్పుడు అట్టపెట్టె మీద ఎంత ఓల్టేజి నుంచి ఎంత దాకా పనిచేస్తుందో రాసి ఉంటుంది, చదవాలి.

మా ఊళ్లో మా పెదనాన్నగారి అబ్బాయి, పట్నంలో మూసేస్తున్న ఒక ఆటల గది నుంచి వాడిన టేబుల్ ఒకటి తెచ్చి ఖాళీగా ఉన్న ధాన్యం కొట్టులో వేశాడు. దూలానికి ఒక్క బల్బు. సాయంత్రం ఊరంతా దీపాలూ మోటార్లూ వేసేసరికి అది నిమ్మపండు రంగుకు తిరిగేది. ఆటలో తగాదా లేని రోజు లేదు. మూలనున్నది ఎర్ర బంతి అని ఒకడు, కాదు మెరూన్ అని మరొకడు. తప్పు బంతి కొట్టావంటే తప్పు బంతి కొట్టావని క్యూ కర్రలు ఎత్తేదాకా వచ్చేది. “పిల్లలు చెడిపోతున్నారు, ఆ బల్ల అమ్మెయ్” అన్నారు పెదనాన్న. “అమ్మడం తరువాత చూద్దాం అన్నయ్యా, ముందు దీపం మారుద్దాం” అన్నాను. సెలవుల్లో ఇద్దరం కలిసి రెండు ట్యూబులు వేశాం. పిల్లలు చెడిపోలేదు, తగాదాలు పోయాయి. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక పెదనాన్న కూడా వచ్చి స్కోరు చూస్తున్నారు!

రంగు, రెపరెప

ఆ తగాదాకు వెలుగు తక్కువ కావడమొకటే కారణం కాదు. పూల్ బంతుల్లో 3 ఎరుపు, 7 మెరూన్. 4 ఊదా, 8 నలుపు. దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పడానికి సి.ఆర్.ఐ. అనే అంకె ఉంది. దానికి గరిష్ఠం 100. 80కి తగ్గని దీపం కొనాలి. కాంతి ఛాయను కెల్విన్లలో చెబుతారు. 3000 అంటే పసుపు ఛాయ, 6500 అంటే నీలి తెలుపు. ఈ రెంటికీ నడుమ 4000 నుంచి 5000 వరకు ఉన్నది ఆకుపచ్చ గుడ్డ మీద కంటికి హాయిగా ఉంటుంది. దుకాణాల్లో ఎక్కువగా 6500వే చేతిలో పెడతారు, అడిగి తీసుకోవాలి. అన్ని దీపాలూ ఒకే కంపెనీవి, ఒకే ఛాయవి కావడం మంచిది. లేకపోతే బల్ల ఒక చివర ఒక రంగు, మరో చివర ఇంకో రంగు.

రెపరెప సంగతి కూడా చూడాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు గనుక నాసిరకం ఎల్.ఇ.డి. సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంది. సెకనుకు రెండు మీటర్ల వేగంతో దొర్లే బంతి ఆ మధ్యలో రెండు సెంటీమీటర్లు కదులుతుంది. అందువల్ల బంతి గీతలాగా కాక పూసల దండలాగా కనిపిస్తుంది. ఆడేవాడికి తలనొప్పి. దీన్ని కనిపెట్టడం సులువే. దుకాణంలోనే దీపం వెలిగించి దాని ముందు పెన్సిలును గబగబా ఊపండి. ఒక్క పెన్సిలు నాలుగైదుగా విడివిడిగా కనిపిస్తే అది వద్దు.

డోము, వేలాడదీయడం

దీపం కన్నుకు కనపడకూడదు, వెలుగు బల్లకు కనపడాలి. ఇదే డోము పని. ఆటగాడు వంగి గురి చూసేటప్పుడు ఎదుటి చివరి దీపం సూటిగా కళ్లలో కొట్టకూడదు. రేకు పనివారి దగ్గర పల్చటి రేకును తూములాగా వంచి, పక్కలు పదీ పన్నెండు సెంటీమీటర్లు కిందికి దిగేలా చేయించుకోవచ్చు. లోపల మెరుపు లేని తెల్ల రంగు వెయ్యాలి. మెరిసే రంగు వేస్తే బల్ల మీద చారలు పడతాయి. రేకు అంచులు మడత పెట్టించండి, చేతులు తెగుతాయి.

వేలాడదీయడంలో చౌకబారుతనం పనికిరాదు. బరువును గొలుసు మొయ్యాలి, కరెంటు వైరు కాదు. కొక్కెం దూలానికో కాంక్రీటు శ్లాబుకో బిగించాలి, అలంకారపు ప్లాస్టరు కప్పుకు కాదు. రేకు డోముకు ఎర్త్ వైరు తప్పనిసరి. మెయిన్ ఆపి, పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. దీపానికి ఆదా చేసిన డబ్బులో ఆయన కూలి ఒక భాగమని అనుకుంటే సరిపోతుంది.

ఎత్తు విషయంలో ఒక్క మాట. దీపాలను పైకి ఎత్తిన కొద్దీ వెలుగు సమానమవుతుంది గాని మొత్తం తగ్గుతుంది. దించితే నడుమ మండిపోయి మూల ఆరిపోతుంది, డోము కూడా చూపుకు అడ్డు వస్తుంది. అందుకని గొలుసుకు నాలుగైదు కడియాలు ఎక్కువ ఉంచుకుని, మీటరు దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోండి.

సరిచూసుకోవడం ఎలా?

లక్సు మీటరు కొననక్కరలేదు. సెల్‌ఫోన్లలో వెలుగు కొలిచే ఉచిత యాప్‌లున్నాయి. అవి చూపే అంకె నమ్మదగ్గది కాకపోవచ్చు గాని, ఒకే ఫోనుతో నడుమా మూలా కొలిస్తే నిష్పత్తి దాదాపు సరిగ్గానే తెలుస్తుంది. మూలలో వచ్చింది నడుమ వచ్చిన దానిలో మూడో వంతు కంటే తక్కువగా ఉంటే చివరి దీపాలను ఇంకా చివరకు జరపాలి. ఆ తరువాత మూల పాకెట్ దగ్గర 3, 7, 4, 8 బంతులు నాలుగూ పెట్టి ఎదుటి చివర నుంచి చూడండి. ఎవరినీ అడగకుండా నాలుగూ గుర్తుపట్టగలిగితే మీ దీపం పాసయినట్టే.

ఈ లెక్క పూల్‌కు మాత్రమే కాదు. దీపం ఎత్తు ఎంతో కొలవండి, దాని కింది నుంచి బల్ల మూల ఎంత దూరమో కొలవండి. ఆ దూరం ఎత్తులో పది వంతులకు ఏడు వంతుల లోపు ఉంటే ఒక్క దీపం చాలు. దాటితే దీపాన్ని పెద్దది చెయ్యకండి, రెండుగా పంచండి. టేబుల్ టెన్నిసు బల్లకైనా, లైబ్రరీలో పదిమంది కూర్చునే పొడుగు బల్లకైనా, హాస్టలు గదిలో ఒకే బల్బు కింద నలుగురు చదువుకునే చోటికైనా ఇదే సూత్రం. రాబోయే సంవత్సరం యూనియన్ కార్యవర్గం కామన్ రూముకు దీపాలు కొనేటప్పుడు, కొటేషన్లు పిలిచే ముందు, ఒక టేపు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లవలసిందిగా కోరుతున్నాను. ఎక్కువ వెలుగు కొనడానికి డబ్బు కావాలి. ఉన్న వెలుగును సరిగ్గా పంచడానికి ఒక టేపూ, ఒక కాగితమూ చాలు.